శివరావు బ్యూక్ కారు, మనోళ్ళ నీతికథలు

కస్తూరి శివరావు గురించి మనోళ్ళకి తెలిసినవి రెండే సంగతులు. ఒకటి, ఆయనకి బ్యూక్ కారుండేది. రెండు, ఆఖరి రోజుల్లో డబ్బుకి కటకటలాడాడు. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందయ్యా అంటే "తాగుడండీ... కళ్ళు నెత్తికెక్కాయండీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. యూట్యూబ్‌లో పాత నటుల మీద వచ్చే వీడియోలు చూడండి, అన్నీ ఇదే అచ్చు. వెనకాల వయొలిన్ ఏడుస్తుంటుంది, ముందర ఒక గొంతు బరువుగా మాట్లాడుతుంటుంది, చివర్లో "అందుకే మిత్రులారా" అని ఒక పాఠం. నాగయ్య గారికి దానధర్మాలు, సావిత్రికి గుడ్డి నమ్మకం, శివరావుకి తాగుడు. తలా ఒక కారణం పంచిపెట్టేశారు. ఫైలు క్లోజ్.

నాకు ఈ ఫైలు మళ్ళీ తెరవాలనిపించింది. కారణం సినిమా పిచ్చి ఒక్కటే కాదు (అదీ ఉందనుకోండి). ఆ మధ్య మా టీంలో పన్నెండేళ్ళుగా టెస్టింగ్ చేస్తున్న ఒకన్నని ఒక మంగళవారం పొద్దున, పావుగంట మీటింగులో ఇంటికి పంపేశారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నలుగురు కూర్చుని ఆయన జాతకం తిరగేశారు. "అన్న అప్‌డేట్ కాలేదు బ్రో." "కోర్సులు చెయ్యమంటే నవ్వేసేవాడు." "అంత పెద్ద హోమ్‌లోన్ ఎవడు తీసుకోమన్నాడు?" పది గంటల దాకా బంగారం లాంటి మనిషి ఒంటిగంటకల్లా తప్పుల చిట్టా అయిపోయాడు. ఆ వారం ఊరికెళ్ళినప్పుడు ఈ సంగతి మా తాతయ్యకి చెప్పాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న:

"ఏం, తాగుతాడా?"

"తాతయ్యా, ఆయన టీ కూడా తాగడు."

"మరి?" అన్నాడు తాతయ్య. వెటకారం కాదు, నిజంగానే ఆయనకి అర్థం కాలేదు.

ఆ "మరి?" దగ్గరే నాకు శివరావు గుర్తొచ్చాడు. ఎందుకంటే చిన్నప్పట్నుంచీ శివరావు కథ నేను విన్నది తాతయ్య నోటే. అందులోనూ చివరి మాట తాగుడే.

మాది నిజామాబాద్ జిల్లా వర్ని దగ్గర ఒక క్యాంపు. బోధన్ వైపు తెలిసినవాళ్ళకి క్యాంపు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకి: మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931కి పూర్తయింది. కాలవల కింద నీళ్ళు పారే భూములున్నాయని తెలిసి కోస్తా జిల్లాల నుంచి కుటుంబాలకి కుటుంబాలు ఎడ్లతో, గింజలతో సహా వచ్చేసి గుడిసెలు వేసుకున్నాయి. ఆ గుడిసెలే తర్వాత ఊళ్ళయ్యాయి, పేరు మాత్రం క్యాంపుగానే ఉండిపోయింది. మా తాతయ్య తెనాలి వైపు పుట్టి, కుర్రాడిగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్న వెంట ఇటొచ్చాడు. తెచ్చుకున్న సామాన్లలో నాటకాల పిచ్చి కూడా ఉంది. పద్యం వినపడితే ఇప్పటికీ చెయ్యి దానంతటదే లేస్తుంది. 'గుణసుందరి కథ' ఆయన తొమ్మిదో ఏట టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు మీద చూశాడు. "తెర మీద రాజుగారొచ్చినా కదలని జనం శివరావు రాగానే లేచి నిలబడేవాళ్ళురా" అంటాడు.

అసలు విషయానికొస్తాను. శివరావు మొదటి ఉద్యోగం ఏంటో తెలుసా? మూకీ సినిమాలకి మాటలు చెప్పడం.

ఆయన పుట్టింది 1913లో, కాకినాడలో. ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' బొంబాయిలో విడుదలైంది ఆ ఏడాదే. అంటే మన సినిమాకీ శివరావుకీ ఒకటే వయసన్నమాట. కాకినాడ అంటే ఆ రోజుల్లో మామూలు ఊరు కాదు, సినిమా గాలి ముందుగా తగిలిన ఊళ్ళలో ఒకటి. సి. పుల్లయ్య 1920లలోనే అక్కడ 'మార్కండేయ' అని ఒక మూకీ తీశాడు. ఇటు నాటకాలు సరేసరి. అలాంటి చోట పెరిగిన కుర్రాడు స్టేజీ ఎక్కడంలో వింతేమీ లేదు. తెర పక్కన నిలబడటం మాత్రం కొత్త పని.

ఆ పని ఎలా ఉండేదో ఒకసారి ఊహించుకోండి. బొమ్మ ఆడుతుంటుంది, శబ్దం లేదు. మధ్యమధ్యలో అక్షరాల అట్టలు పడతాయి. అవి చాలాసార్లు ఇంగ్లీషులో, లేదంటే ఇంకో భాషలో. నేల మీద కూర్చున్నవాళ్ళలో తెలుగు చదవడం వచ్చినవాళ్ళే తక్కువ, ఇంక ఇంగ్లీషు ఎక్కడ. అందుకని తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పాలి. వీడు ఫలానా, వీడి తండ్రి ఫలానా, ఇప్పుడు అడవిలోకి పోతున్నాడు, చూడండి చూడండి, వెనకాల రాక్షసుడు... మైకు లేదు. గొంతే మైకు. కిందనుంచి హార్మోనియం, తబలా మోగుతుంటే వాటి మీదుగా గుడారం చివరిదాకా వినపడాలి. ఏడుపు సీన్లో ఏడిపించాలి, ఫైటింగులో అరిపించాలి, ప్రేమ సీన్లో ఆడవాళ్ళ వైపు కూర్చున్నవాళ్ళు లేచిపోకుండా జాగ్రత్తగా మాట్లాడాలి.

అసలు కష్టం అది కూడా కాదు. డేరా సినిమాలో ప్రొజెక్టర్ ఒక్కటే ఉంటుంది. ఒక రీలు వెయ్యి అడుగులనుకుంటే పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. అది తీసి ఇంకోటి ఎక్కించేదాకా తెర మీద ఏమీ ఉండదు. చీకట్లో వందలమంది. ఈలలు, కేకలు, బీడీ పొగ. ఆ ఖాళీని నింపేది ఎవరు? ఆ పక్కన నిలబడ్డవాడే. కథని లాగాలి, పిట్టకథ చెప్పాలి, ముందు వరసలో ఉన్నవాడి తలపాగా మీద జోకు వెయ్యాలి. డెమో మధ్యలో సర్వర్ పడిపోతే క్లయింటుని మాటల్లో పెట్టే మేనేజర్ని మీరు చూసే ఉంటారు. రోజుకి రెండు మూడు ఆటలు, ప్రతి పదిహేను నిమిషాలకీ సర్వర్ పడిపోతుందనుకోండి. అదీ ఉద్యోగం.

తర్వాత శివరావు హాస్యంలో కనపడే ఆ తొందర, ఆ డైలాగు మధ్య డైలాగు ఇరికించడం, కెమెరా వైపు కాకుండా ఎవరో ఎదురుగా కూర్చున్నట్టు మాట విసరడం, ఇవన్నీ ఆ చీకటి గుడారాల్లో పుట్టినవే అని నా గట్టి నమ్మకం. జనం ఎప్పుడు నవ్వుతారో, ఎంతసేపు నవ్వుతారో ఆయనకి గడియారం చూసినంత కచ్చితంగా తెలుసు.

1931 మార్చిలో 'ఆలం ఆరా' వచ్చింది. 1932లో మన 'భక్త ప్రహ్లాద'. బొమ్మ మాట్లాడటం మొదలెట్టింది, పక్కన నిలబడి మాట్లాడేవాడితో పని లేకుండా పోయింది. అప్పటికి శివరావు వయసు పంతొమ్మిది. మనం ఇంటరు అయి ఎంసెట్ కౌన్సెలింగులో నిలబడే వయసుకి ఆయన ఒక వృత్తి నేర్చుకుని, అందులో ఆరితేరి, ఆ వృత్తే భూమ్మీద లేకుండా పోవడం చూసేశాడు!

ఇది ఒక్క కాకినాడలోనే జరగలేదు. జపాన్‌లో ఈ పని చేసేవాళ్ళని బెన్షీలంటారు. అక్కడ వాళ్ళు చిన్నాచితకా వాళ్ళు కాదు, సినిమాలో హీరో ఎవరన్నదానికన్నా చెప్పే బెన్షీ ఎవరన్నది చూసి టిక్కెట్టు కొనేవాళ్ళు. టాకీలొచ్చాక వాళ్ళనీ పీకేశారు. వాళ్ళు ఊరుకోలేదు, సమ్మె చేశారు. ఆ సమ్మెలో ముందున్నవాళ్ళలో ఒకతని పేరు హేయిగో కురొసావా. అవును, మన అకిరా కురొసావా అన్నే. తమ్ముడికి చిన్నప్పట్నుంచీ ప్రపంచ సినిమాలన్నీ చూపించింది ఈ అన్నే. సమ్మె ఓడిపోయింది. 1933లో హేయిగో ఆత్మహత్య చేసుకున్నాడు, ముప్పై దాటకుండానే. అదే వృత్తిలో ఉన్న ముసెయ్ తొకుగావా మాత్రం రేడియోలోకి వెళ్ళి, కథలు చదివి, సినిమాల్లో వేషాలేసి చాలాకాలం బతికాడు. మన లంచ్ బల్ల దగ్గర కూర్చోబెడితే దీనికి కూడా వెంటనే సమాధానం వచ్చేస్తుంది: తొకుగావా అప్‌డేట్ అయ్యాడు, హేయిగో కాలేదు. అంతేనా? ఒక దేశంలో ఉన్న రేడియో కుర్చీలెన్ని, రోడ్డున పడ్డ బెన్షీలెంతమంది అని లెక్క వెయ్యనక్కర్లేదా?

సరే, శివరావు బతికాడు. నాటకాల్లో వేషాలు వేశాడు. పాట వచ్చు, మాట వచ్చు, పద్యం వచ్చు. ఏడేళ్ళు పట్టింది తెర మీదకి రావడానికి. 1939లో 'వరవిక్రయం', కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం, దర్శకుడు అదే కాకినాడ పుల్లయ్య. భానుమతికి కూడా అది మొదటి సినిమా. తెర పక్కన నిలబడ్డవాడు తెరలోకి అడుగుపెట్టేసరికి ఇరవయ్యారేళ్ళు. నాకిప్పుడు ఇరవయ్యెనిమిది, ఆ లెక్కన నేను రెండేళ్ళు లేటు :-)

ఆ తర్వాత పదేళ్ళు మెల్లగా ఎక్కాడు. 1948లో 'బాలరాజు' వచ్చింది. నాగేశ్వరరావు, వరలక్ష్మి నాయకా నాయికలు. అందులో శివరావు వేసిన ఎలమంద పాత్రని మా తాతయ్య ఇప్పటికీ అనుకరిస్తాడు. ఇంక 1949 డిసెంబర్ చివర్లో 'గుణసుందరి కథ'. వాహినీ వాళ్ళది, కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి మాటలు. కథ మూలం షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' అంటారు కానీ పింగళి చేతిలో పడ్డాక అది అచ్చంగా మన అమ్మమ్మ చెప్పే కథైపోయింది. రాజుగారికి ముగ్గురు కూతుళ్ళు. పెద్దవాళ్ళిద్దరూ తండ్రిని పొగుడుతారు, చిన్నది పెళ్ళయిన ఆడదానికి భర్త ముఖ్యం అంటుంది. రాజుకి కోపమొచ్చి దాన్ని తీసుకెళ్ళి ఒక కురూపికి కట్టబెడతాడు. ఆ కురూపి పేరు దైవాధీనం. వేసింది శివరావు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ సినిమాకి హీరో ఆయనే. అటు రెండో వరసలో రేలంగి, వల్లభజోస్యుల శివరాం తోడల్లుళ్ళు. అందగాడైన రాకుమారుడొచ్చి కథ నడిపించే జానపదంలో, నడిపించే పని ఒక కమెడియన్‌కిచ్చారు. అదీ వాహినీ లాంటి సంస్థ, కె.వి. రెడ్డి లాంటి లెక్కల మనిషి. సినిమా పెద్ద హిట్టు. బ్యూక్ కారు వైభవమంతా ఈ రోజులదే. ఆ కారు రోడ్డు మీద కనపడితే జనం చుట్టూ మూగేవాళ్ళట. తెలుగులో కమెడియన్ కోసం కారు చుట్టూ మూగడం అదే మొదలని పాతతరం వాళ్ళు చెప్తారు.

1950లో శివరావు సొంతంగా సినిమా తీశాడు. 'పరమానందయ్య శిష్యులు'. నిర్మాతా తనే, దర్శకుడూ తనే. అది దెబ్బకొట్టింది. నీతికథలో ఇది "పొగరు" అనే అధ్యాయం కింద వస్తుంది. నాకు అర్థంకానిది ఇదే. ముప్పయ్యేడేళ్ళ మనిషి, కెరీర్ మంచి ఊపు మీద ఉంది, ఆ ఊపు ఎన్నాళ్ళుంటుందో తెలీదు. ఒకసారి కాళ్ళకింద నేల కదిలిపోవడం పంతొమ్మిదో ఏటే చూశాడు. ఇంకొకరు ఇచ్చే వేషాల మీద ఆధారపడకుండా తనదంటూ ఒకటి నిలబెట్టుకుందామనుకున్నాడు. కథ కూడా తెలివిగానే ఎంచుకున్నాడు, పరమానందయ్య శిష్యులంటే తెలియని తెలుగువాడు లేడు, పైగా అది పూర్తిగా హాస్యం. ఇదే పని ఇవాళ మన గచ్చిబౌలిలో ఎవరైనా చేస్తే లింక్డిన్‌లో ఏమంటారు? విజన్ అంటారు, రిస్క్ తీసుకునే గుండె అంటారు. ఆడితే విజన్, పోతే పొగరు. తేడా బాక్సాఫీసు దగ్గరుంది, మనిషిలో లేదు.

అన్నట్టు గిరిజ తెరకి పరిచయమైంది ఈ సినిమాతోనే. తర్వాత రేలంగి పక్కన జంటగా ఆమెని చూడని తెలుగు ప్రేక్షకుడు లేడు. శివరావు డబ్బు పోయింది, ఆయన తెచ్చిన నటి మాత్రం నిలిచింది, అదీ ఆయన కుర్చీలో కూర్చున్నవాడి పక్కన.

రేలంగిని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయన ఏళ్ళ తరబడి చిన్న చిన్న పనులు చేస్తూ ఓపిగ్గా కాచుకున్న మనిషి. తర్వాత తాడేపల్లిగూడెంలో థియేటర్ కట్టుకున్నాడు, 1970లో పద్మశ్రీ వచ్చింది. వచ్చినవన్నీ ఆయనకి రావాల్సినవే. నేను చెప్పేది వేరే. 1949లో కె.వి. రెడ్డి కమెడియన్ని హీరోగా పెట్టి జానపదం తీశాడు. 1951లో అదే కె.వి. రెడ్డి, అదే పింగళి కలిసి ఇంకో జానపదం తీశారు, 'పాతాళభైరవి'. అందులో హీరో తోటరాముడు, ఆరడుగుల రామారావు. పక్కన హాస్యానికి అంజిగాడు, అంతఃపురంలో రేలంగి. అంతే, అచ్చు మారిపోయింది. హీరో వేరు, కమెడియన్ వేరు. కమెడియన్ హీరో పక్కన నిలబడాలి. ఆ తర్వాత చాలా ఏళ్ళు తెలుగు సినిమా ఆ అచ్చులోనే నడిచింది. రామారావుని విజయా వాళ్ళు కాంట్రాక్టు మీద, నెలజీతం మీద పెట్టుకున్నారు కూడా. శివరావుకి అలాంటి గొడుగు లేదు, ఉన్న డబ్బు సొంత సినిమాలో పెట్టి ఉన్నాడు. రెండేళ్ళ తేడాతో పరిశ్రమకి కావలసిన మనిషి రూపమే మారిపోయింది. దీన్ని తాగుడు అనే ఒక్క మాటతో ఎలా కొట్టేస్తాం?

ఇలాంటి కథ బయటి దేశంలో కూడా ఉంది. మూకీ హాస్యం అనగానే అందరూ చాప్లిన్ అంటారు. చాప్లిన్ టాకీలొచ్చాక కూడా 1931లో 'సిటీ లైట్స్'ని మాటల్లేకుండానే వదిలాడు, 1940లో 'ది గ్రేట్ డిక్టేటర్' దాకా పూర్తి టాకీ జోలికి పోలేదు. మొండితనం అనుకుంటాం. ఆ మొండితనానికి సొంత స్టూడియో ఉంది, యునైటెడ్ ఆర్టిస్ట్స్‌లో వాటా ఉంది. బస్టర్ కీటన్‌కి అవి లేవు. ఆయనా చిన్నప్పుడే అమ్మానాన్నలతో స్టేజీ ఎక్కినవాడు, చాప్లిన్‌తో సమానంగా నవ్వించినవాడు. 1928లో ఎం.జి.ఎం. కంపెనీలో జీతానికి చేరాడు. అక్కడ సీను ఎలా తియ్యాలో చెప్పే అధికారం పోయింది. చేరడం తన జీవితంలోకెల్లా పెద్ద తప్పని ఆయనే తర్వాత రాసుకున్నాడు. తాగాడు, సంసారం పోయింది, 1933లో కంపెనీ వాళ్ళు తీసేశారు. చాలాకాలం లోకం ఏమనుకుందంటే, టాకీలొచ్చాయి, కీటన్ గొంతు పనికిరాలేదు, తాగి పాడైపోయాడు. తర్వాత ఆయన పాత మూకీలు బయటపడ్డాయి. ఆయన ఒకప్పుడు ఉన్న ఇల్లు కొనుక్కున్న జేమ్స్ మేసన్ అనే నటుడికి ఆ ఇంట్లోనే రీళ్ళ డబ్బాలు దొరికాయి. జనం మళ్ళీ చూశారు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. అప్పుడు కథ తిరగరాశారు: కీటన్ పాడవలేదు, కీటన్ చేతిలోంచి పని లాక్కున్నారు అని. మనిషి అదే, తాగుడూ అదే. కథలో దాని చోటు మారిందంతే.

శివరావు విషయంలో ఆ తిరగరాయడం జరగలేదు. తాగుడు ముందొచ్చిందా, వేషాలు తగ్గడం ముందొచ్చిందా అని అడిగే ఓపిక కూడా ఎవరికీ లేదు. అడగకపోవడానికి ఒక సుఖం ఉంది లెండి. వాడు తాగాడు కాబట్టి పోయాడు అనుకుంటే, నేను తాగను కాబట్టి నేను పోను. మా టెస్టింగ్ అన్న కోర్సులు చెయ్యలేదు కాబట్టి పోయాడంటే, నేను నిన్ననే సర్టిఫికెట్ తెచ్చుకున్నాను కాబట్టి నా కుర్చీ భద్రం. లంచ్ బల్ల దగ్గర ఆ రోజు నలుగురూ తిన్నది అన్నం కాదు, ఆ ధైర్యం.

మా వైపు ఇంకో ఉదాహరణ ఉంది. బోధన్ షక్కర్‌నగర్లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని మాకు స్కూల్లో చెప్పేవాళ్ళు. క్రషింగ్ సీజన్లో వర్ని రోడ్డు మీద చెరకు బళ్ళు, ట్రాక్టర్లు తప్ప ఇంకేం కనపడేవి కావని, గాలి కూడా బెల్లం వాసనేసేదని మా అమ్మ అంటుంది. 2002లో ప్రైవేటు వాటా వచ్చింది, 2015 డిసెంబర్లో తాళం పడింది. ఇప్పుడు బోధన్ హోటళ్ళలో చాయ్ తాగుతూ కూర్చున్నవాళ్ళని కదిలించండి. "రైతులు చెరకు మానేసి వరి ఏసిండ్రు" అని ఒకరు, "లేబర్ సక్కగ పని చేస్తే ఎందుకు మూతపడ్తది" అని ఇంకొకరు. చెరకు ధర ఎవరు పెట్టారు, బకాయిలు ఎన్నాళ్ళకి చేతికొచ్చాయి, యంత్రాలు ఏ కాలం నాటివి, వాటా ఎవరి చేతుల్లోకి పోయింది... ఇవి మాట్లాడాలంటే చాయ్ చల్లారిపోతుంది. రైతు సోమరి, కార్మికుడు సోమరి, కమెడియన్ తాగుబోతు. అక్కడికి కథ అయిపోతుంది, అందరూ లేచి ఇళ్ళకి పోవచ్చు.

తాగుడు మంచిదని నేను అనట్లేదు, ఎవరో ఒకరు అలా అర్థం చేసుకుంటారని తెలుసు కాబట్టి ముందే చెప్తున్నా :-) డబ్బు దాచుకోవద్దని కూడా అనట్లేదు. శివరావు దేవుడూ కాదు. నాకు కావలసింది వరస మార్చడం. పంతొమ్మిదేళ్ళకి ఒక వృత్తి చచ్చిపోతే దాన్ని దాటాడు. నాటకం నుంచి సినిమాకొచ్చాడు. సినిమాలో చిన్న వేషం నుంచి కథానాయకుడయ్యాడు. ఇన్నిసార్లు "అప్‌డేట్" అయిన మనిషి మా ఆఫీసు మొత్తం మీద ఎవరున్నారో చూపించండి. అయినా ఒక సినిమా పోయి, ఒక ఫ్యాషన్ మారితే సరిపోయింది.

1966లో శివరావు పోయాడు, యాభై మూడేళ్ళకి. బస్టర్ కీటన్ పోయిందీ ఆ ఏడాదే, ఫిబ్రవరిలో. ఇంకో సంగతి. అదే 1966లో 'పరమానందయ్య శిష్యుల కథ' అని సినిమా వచ్చింది. రామారావు, కె.ఆర్. విజయ. శిష్యుల వేషాల్లో పద్మనాభం, రాజబాబు వాళ్ళూ. ఇప్పటికీ టీవీలో వస్తే మనం చూసేది అదే, 1950 నాటిది తీసింది ఎవరో కూడా చాలామందికి తెలీదు. ఈ రెండోదానికి దర్శకుడు ఎవరనుకున్నారు? సి. పుల్లయ్య. ఇరవయ్యేడేళ్ళ కింద 'వరవిక్రయం'లో శివరావుని తెరకెక్కించిన పుల్లయ్యే. అంటే కథలో తప్పు లేదు, హాస్యంలో తప్పు లేదు. పదహారేళ్ళు ముందు తీశాడు, చేతిలో రామారావు లేడు.

మా టెస్టింగ్ అన్నకి మూడు నెలలైనా ఇంకా ఏమీ దొరకలేదు. ఇంటర్వ్యూల్లో "ఇన్నేళ్ళూ ఎందుకు మారలేదు" అని అడుగుతున్నారట. ఆయనకి శివరావు సంగతి ఫోన్లో చెప్తే చాలాసేపు విన్నాడు. చివర్లో "మరి ఆ కారేమైంది?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

'గుణసుందరి కథ' యూట్యూబ్‌లో ఉంది. ప్రింటు అంత గొప్పగా లేదు, సౌండు గరగరమంటుంది. ఒక పని చెయ్యండి, మొదట ఓ పావుగంట సౌండు పూర్తిగా ఆపేసి చూడండి. దైవాధీనం ఎక్కడున్నాడో చూపు అక్కడికే పోతుంది. మా తాతయ్య ఇప్పుడు అలాగే చూస్తాడు, కావాలని కాదు, చెవులు సరిగ్గా వినపడక. ఫోను చేతికి దూరంగా పట్టుకుని, పక్కన కూర్చున్న మా అక్క కూతురికి కథంతా తనే చెప్తుంటాడు. అది ఆరేళ్ళ పిల్ల, హైదరాబాద్ స్కూలు, దానికి ఆ తెలుగు సగం తెలీదు. మా క్యాంపులో సిగ్నల్ సంగతి తెలిసిందే కదా, మధ్యలో బొమ్మ ఆగిపోయి చక్రం తిరుగుతుంటుంది. అది తిరిగినంతసేపూ తాతయ్య ఆగడు. దైవాధీనం పక్కూళ్ళో మజ్జిగ తాగడానికెళ్ళాడనీ, దార్లో కుక్క తరిమిందనీ, సినిమాలో లేని కథ అల్లేస్తాడు. బొమ్మ మళ్ళీ కదిలాక ఆ పిల్ల ఫోను పక్కకి తోసేసి, "కుక్క ఏమైంది?" అంటుంది.